గేదె ఎక్కడ నీళ్లు తాగింది?

(మధురవాడలో ఒక పశువైద్యుని సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఇక్కడున్నవాళ్లందరికీ తెలుసు. అచ్చులో ఆయన పేరు వెయ్యొద్దని, పొగడ్తలు అసలే వద్దని ఇంటివాళ్లు కోరారు. అంచేత మనం పిలుచుకున్నట్టే 'డాక్టరుగారు' అనే అంటాను. మధురవాడ, కొమ్మాది, చంద్రంపాలెం, ఎండాడ పాడి రైతులకు ఆ మాటంటే వేరే మనిషి గుర్తుకు రారు కనుక ఇబ్బంది లేదు.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం పశువుల తాగునీరు, అందులోని పరాన్నజీవులు. పరాన్నజీవుల మీద గంటసేపు మాట్లాడితే పశువైద్య విద్యార్థులకు పండగ, మిగతావాళ్లకు శిక్ష. అందుకని ఒక్క సంగతే పట్టుకుంటాను. మూడు నాలుగు నెలలకోసారి నట్టల మందు పోయించడం మన రైతుకు అలవాటైంది. మంచిదే. కానీ పొద్దున్న మందు తాగిన గేదె సాయంత్రానికి మళ్లీ అదే గెడ్డలో మూతి పెడుతోంది. మందు పోయడానికి ఒక శాఖ ఉంది, పథకం ఉంది, లెక్క రాసుకునే రిజిస్టరు ఉంది. గేదె మూతి పెట్టే నీటిని పట్టించుకునే నాథుడు లేడు. ఇవాళ నా ఫిర్యాదంతా ఇదే.

డాక్టరుగారి దగ్గరికి పశువుని తోలుకొచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. థర్మామీటరు పెట్టకముందే, కనురెప్ప తిప్పి చూడకముందే, ఆయన అడిగే మాట ఒకటుండేది: "నీళ్లెక్కడ తాగుతోంది?"

"గెడ్డలోనే తాగుతాది బాబూ, ఇంకెక్కడ తాగుతాది!"

"ఏ గెడ్డ? వంతెనకి ఎగువనా, దిగువనా? గట్టున గడ్డి మేస్తోందా, నీళ్లు తాగి వచ్చేస్తోందా?"

తోలుకొచ్చినవాళ్లకు విసుగు. జొరానికి సూదిమందు వెయ్యమంటే గెడ్డ భోగట్టా ఎందుకూ అని. నా ఉద్యోగకాలమంతా నేను నింపిన ఓపీ రిజిస్టర్లలో రైతు పేరు, ఊరు, పశువు వయసు, లక్షణం, ఇచ్చిన మందు, అన్నిటికీ గళ్లున్నాయి. తాగే నీరు ఎక్కడిదన్న గడి మాత్రం దేనిలోనూ లేదు. డాక్టరుగారు మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకునేవారు: చెరువు, గెడ్డ, బోరు, కొళాయి. ఆ ఒక్క మాట ఆయనకు సగం వైద్యం.

ఎందుకో చెప్పాలంటే కార్జపు జలగ జీవితం చెప్పాలి. జలగ అన్నామని వరిచేలో కాలికి పట్టేది అనుకోకండి. ఇది చదునుగా, రెండు మూడు అంగుళాలదాకా పొడవుండే పురుగు. ఫేసియోలా జైగాంటికా అంటారు శాస్త్రంలో. దీన్ని 19వ శతాబ్దం మధ్యలో కాబోల్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు మొదట వర్ణించింది ఒక జిరాఫీ కార్జంలోంచి తీసి. మన జూపార్కు పక్కూరివాళ్లం కదా, ఆ ముచ్చట చెప్పకుండా ఉండలేకపోయాను. జిరాఫీ మాట ఎలా ఉన్నా, మన దేశంలో దీని కాపురం గేదెల్లో, ఆవుల్లో, గొర్రెల్లో, మేకల్లో. కార్జంలోని పిత్తనాళాల్లో కూర్చుని రోజూ వేల గుడ్లు పెడుతుంది. గుడ్లు పైత్యరసంతో పేగులోకి, అక్కణ్ణుంచి పేడలోకి దిగుతాయి.

పేడ మెట్టన పడి ఎండిపోతే గుడ్డు కథ అక్కడితో సరి. నీళ్లలో పడిందా, మన ఎండలకు రెండు మూడు వారాల్లో కంటికి ఆనని పిల్ల ఒకటి బయటికొస్తుంది. అది ఏమీ తినదు. ఆయుష్షు ఇంచుమించు ఒక్క రోజు. ఆ రోజులోపల లిమ్నియా జాతి నత్త దొరికితే అందులోకి దూరుతుంది, లేకపోతే చస్తుంది. దొరికిన నత్తలో ఒకటి కాస్తా వందలవుతుంది. కొన్ని వారాల తర్వాత తోకలున్న పిల్లలు నత్తలోంచి నీళ్లలోకి ఈదుకొచ్చి, గట్టు వార గడ్డిపోచల్ని పట్టుకుని, తోక రాల్చి, చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటాయి. కొన్ని నీళ్లమీదే తేలుతుంటాయి. తడి ఉన్నంతకాలం నెలల తరబడి అలా కాచుకుంటాయి. గేదె గడ్డి మేసినా, ఆ నీళ్లు తాగినా లోపలికి పోతాయి. పేగుని తొలుచుకుని, కార్జంలోకి దిగి, దాన్ని నములుకుంటూ తిరిగి, పిత్తనాళం చేరి గుడ్లు పెట్టేసరికి మూడు నాలుగు నెలలు.

ఈ ప్రయాణంలో గేదె ఒక మజిలీ, నత్త ఒక మజిలీ. మిగతాదంతా నీళ్లూ తడీ. మన మందు పనిచేసేది గేదె మజిలీలో మాత్రమే. అక్కడ కూడా అన్ని మందులూ అన్ని వయసుల జలగల మీదా పనిచెయ్యవు. మన దగ్గర ఎక్కువగా పోసే ఆక్సిక్లోజనైడ్ ముదురు జలగల్ని చంపుతుంది, కార్జంలో తిరుగుతున్న పిల్ల జలగల్ని వదిలేస్తుంది. అక్టోబరులో పోసిన మందుకు దొరకనివి జనవరికి పెద్దవై గుడ్లు పెడతాయి. 'మందు పోయించాం, అయినా చిక్కిపోతోంది' అని రైతు అన్నప్పుడు మందు నకిలీదని తిట్టుకోవడం మామూలు. చాలాసార్లు మందుది తప్పు కాదు, అదునుది. ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగల్నీ చంపుతుంది. కానీ దాన్ని అదేపనిగా వాడిన ఆస్ట్రేలియాలో 1990ల నడుమకే ఆ మందుకు లొంగని జలగలు బయటపడ్డాయి. మందునే నమ్ముకున్నవాడికి అక్కడ దారి మూసుకుపోతుంది.

డాక్టరుగారి బల్ల మీద మందు సీసాలకన్నా ముందు కనిపించేవి రెండు గాజు గ్లాసులు, ఒక టీ వడపోత గిన్నె, పాత సూక్ష్మదర్శిని. గోటికొనంత పేడ కాదు, బొటనవేలంత తీసుకునేవారు. గ్లాసుడు నీళ్లలో కలిపి, వడపోసి, అలా వదిలేసి పేపరు చదువుకునేవారు. జలగ గుడ్డు బరువు, అడుక్కి దిగుతుంది. పైనీళ్లు వంచేసి మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ వంచి, నీళ్లు తేటబడేదాకా ఇదే పని. చివరికి మిగిలిన మడ్డి ఒక చుక్క గాజుపలక మీద, దానికి మిథిలీన్ బ్లూ ఒక చుక్క. చెత్తంతా నీలంగా మారుతుంది. కార్జపు జలగ గుడ్డు నీలం పట్టదు, పసుపుపచ్చగా బంగారపు రంగులో మెరుస్తుంది. పైత్యరసం అంటిన రంగది. పక్కనే దాదాపు అదే సైజులో రంగులేకుండా తేటగా కనిపిస్తే అది పొట్ట జలగ గుడ్డు. రైతుని పిలిచి కన్ను పెట్టి చూడమనేవారు. అలా చూసినవాళ్లు తర్వాత గెడ్డకి తోలడం మానేశారని చెప్పను. మానేద్దామన్నా వేరే నీళ్లేవి? కానీ గేదె ఎందుకు చిక్కిపోతోందో అర్థమయ్యేది.

పొట్ట జలగల మాట వచ్చింది కనుక ఒక ముక్క. పెద్దవి పొట్టలో పట్టుకుని ఉంటాయి, వాటివల్ల పెద్ద నష్టం లేదు. పిల్లలు చిన్నపేగులో ఉన్నప్పుడే ప్రమాదం. గొర్రెలకు కంపుకొట్టే పారుడు పట్టుకుంటుంది, దవడ కింద నీరు దిగుతుంది, మందలో చావులు మొదలవుతాయి. అప్పటికి పేడలో గుడ్డు ఒక్కటీ కనిపించదు, ఎందుకంటే గుడ్లు పెట్టే వయసు ఇంకా రాలేదు. పరీక్షలో ఏమీ లేదని తేలినంత మాత్రాన లోపల ఏమీ లేదని కాదు. ఇక్కడ కూడా డాక్టరుగారి పెన్సిలు రాతే ఆదుకునేది. పేడలో ఏమీ లేకపోయినా, చెరువు అంచున మేసిన మంద అని మార్జిన్‌లో ఉంటే ఆయన ఆగేవారు కాదు.

జలగ జీవితచక్రం ఇంత వివరంగా తెలియడానికి పెద్ద నష్టమే కారణమైంది. 1879-80 చలికాలంలో బ్రిటన్‌లో కార్జపు జలగవల్ల 30 లక్షల గొర్రెలు పోయాయని లెక్క. ఆ దెబ్బతో, జలగ గొర్రెలకు ఎలా పట్టుకుంటోందో కనిపెట్టే పని ఆక్స్‌ఫర్డ్‌లో ఏ. పి. థామస్ అనే యువకుడికి అప్పగించారు. జర్మనీలో లాయ్‌కార్ట్ విడిగా అదే వెతుకుతున్నాడు. 1880ల మొదట్లో ఇద్దరూ నత్త దగ్గరికి చేరారు. ఒక పరాన్నజీవి పురుగు బతకడానికి నత్త మధ్యవర్తి కావాలని అలా రుజువైంది. అది తెలిసిన రోజునుంచీ రైతులకు చెప్పిన సలహా మారలేదు: తడి నేలల్ని ఆరబెట్టండి, గొర్రెల్ని అక్కడ మేపకండి. 140 ఏళ్ల సలహాను నేను ఈ వేదిక మీద మళ్లీ చెబుతున్నానంటే కొత్త విషయం లేక కాదు, పాతది ఇంకా ఎవరూ చెయ్యక.

మన వైపు కథ ఇంకా దగ్గరది. విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో పశువులకు ముక్కులో పట్టే ఒక రోగం పశువైద్యుల్ని తికమకపెట్టింది. ఊపిరి తీస్తే గురక, ముక్కునుంచి చీమిడి, నెత్తురు చారలు, లోపల క్యాలీఫ్లవర్ పువ్వులా పెరిగిన కండ. గురక అనగానే మన రైతులు గొంతువాపు అనుకుంటారు. తొలకరికి వచ్చి ఒకటి రెండు రోజుల్లో పశువుని తీసుకుపోయే ఆ జబ్బు బాక్టీరియావల్ల వస్తుంది, దానికి టీకా ఉంది. ఇది వేరు. పశువు చావదు, నెలలూ ఏళ్లూ గురకపెడుతూ చిక్కిపోతుంది. ముక్కులోని రక్తనాళాల్లో కాపురముండే సన్నని జలగే దీనికి కారణమని 1932లో దత్తా అన్నారు. 1933లో మద్రాసులో ఎం. ఎ. ఎన్. రావు దానికి షిస్టోసోమా నేసేల్ అని పేరు పెట్టారు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏ పరాన్నజీవి శాస్త్ర గ్రంథం తెరిచినా ఆ జలగ పేరు పక్కన 'రావు, 1933' అని ఉంటుంది.

ఈ జలగ వ్యాపించే తీరు చూస్తే నీళ్ల మాట నేను ఇంతగా ఎందుకు పట్టుకున్నానో తెలుస్తుంది. ఆవు నీళ్లు తాగడానికి వంగుతుంది. ముక్కు నీటికి ఆనుతుంది. చీమిడితోపాటు గుడ్లు నీళ్లలోకి జారుతాయి. నీళ్లలో ఇండోప్లానార్బిస్ అనే చదును చుట్ట నత్త ఉంటుంది. మన చెరువుల్లో దాన్ని చూడనివాళ్లుండరు. తామరాకు అడుగున, పాచి పట్టిన రాతికి, గాబు లోపలి గోడకి అంటుకుని ఉంటుంది. దాని పక్కనే బంకబంకగా గుడ్ల ముద్ద. ఆ నత్త ఒక్కటే మిగిలినా చాలు, జత లేకుండానే గుడ్లు పెట్టగలదు. చెరువు ఎండితే బురదలో దూరి వానకి లేస్తుంది. పిల్ల జలగలు దానిలోంచి బయటికొచ్చి నీళ్లలో నిలబడిన పశువు చర్మంలోంచే లోపలికి పోతాయి. మింగనక్కర్లేదు. తాగడానికి దిగడమే చాలు. ఒక ఆవు దాహం తీర్చుకుంటూ పక్క ఆవుకి రోగం ఇస్తుంది. గేదెలు దీన్ని పెద్దగా బయటపడకుండా మోస్తాయి, ఆవులు బాధపడతాయి. ఈ జాతి పిల్ల జలగలు ఊడుపులకు దిగిన మనుషుల కాళ్లలోనూ దూరబోయి, ముందుకు పోలేక చర్మంలోనే చస్తాయి. ఊడుపుల కాలంలో పిక్కల మీద వచ్చే దద్దుర్లకూ దురదకూ ఇదొక కారణం.

నత్తల్ని ఏరి, పగలగొట్టి, లోపల ఏ జలగ పిల్లలున్నాయో చూసే ఓపిక మన ఊళ్లోనూ కొందరికి ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర శాఖకు ఈ విద్యలో మంచి పేరు. విశాఖలోని ఒక మంచినీటి గెడ్డలో థియారా నత్తల్ని పరీక్షించి, వాటిలోని పిల్ల జలగల జాతుల మీద ఆర్. మాధవి, ఆమె సహచరులు రాసిన వ్యాసం 1997లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. ఆమె తర్వాత రాడ్నీ బ్రేతో కలిసి భారత సముద్రపు చేపల జలగల మీద పెద్ద గ్రంథమే రాశారు. థియారాలో ఉండేవి ఎక్కువగా చేపలకూ పక్షులకూ సంబంధించినవి, గేదెలవి కావు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, మన గెడ్డల్లోని నత్తలు ఏం మోస్తున్నాయో చూడగల చేతులు ఈ ఊళ్లోనే ఉన్నాయి. బీచ్ రోడ్డు పక్కనున్న ఆ ప్రయోగశాలకూ మధురవాడ పశువుల సాలకూ మధ్య దూరం పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. ఆ దూరం దాటినవాళ్లు తక్కువ.

ఇక మధురవాడ. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు ఈ ఊరు నగరంలో కలిసింది. తర్వాతది మీ కళ్లముందు జరిగిందే. కొండ మీద ఐటీ భవనాలు, ఇటు క్రికెట్ స్టేడియం, హైవే పొడుగునా అపార్టుమెంట్లు. పొలం పోయింది, గేదె మిగిలింది. అపార్టుమెంట్లకు పాలు కావాలి కనుక గేదె మిగలడమే కాదు, దాని ధరా పెరిగింది. కానీ గేదె తాగే చెరువు లేఅవుట్ల నడుమ ఇరుక్కుంది. కంబాలకొండ వైపునుంచి వానకు దిగే గెడ్డల్లో ఒకప్పుడు కొండనీళ్లు వచ్చేవి, ఇప్పుడు సెప్టిక్ ట్యాంకుల ఊటా, హోటళ్ల కడుగూ కలుస్తున్నాయి. నీళ్లు ఏడాది పొడుగునా నిలవుంటున్నాయి, అదీ గమనించండి. వెనక వేసవిలో గెడ్డ ఎండేది, నత్తలు చాలామటుకు చచ్చేవి. ఇప్పుడు మురుగు పుణ్యమా అని ఏప్రిల్‌లోనూ తడి ఉంటుంది, గట్టున పచ్చగడ్డి ఉంటుంది. ఊరంతా ఎండిపోయిన రోజుల్లో పచ్చగా ఉన్నది ఆ అంచొక్కటే. గేదెలన్నీ అక్కడికే చేరతాయి. జలగకు ఇంతకన్నా కావలసింది లేదు.

అదే 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. దాని కింద రాష్ట్రంలో పల్లెపల్లెనా పశువుల నీటి తొట్లు కట్టారు. అది గ్రామీణ ప్రాంతాల చట్టం. నగరంలో కలిసిన ఊరికి వర్తించలేదు. ఆనందపురం వైపు తొట్టి ఉంటుంది, ఇటు నగర హద్దు దాటగానే ఉండదు. గేదెకు ఆ హద్దు తెలియదు. ఒక తొట్టి కట్టమని కొందరం కలిసి ఒక కార్యాలయానికి అర్జీ పట్టుకెళితే, 'నగరంలో పశువులు ఉండకూడదండీ' అన్నారు. ఉండకూడదన్నవి లేనట్టే లెక్క వేస్తే కాగితం మీద సమస్య తీరిపోతుంది. ఇదే నగరంలో ఉక్కు ఫ్యాక్టరీ కొలుముల కోసం ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వి నీళ్లు తెచ్చుకున్నాం. తప్పని నేననను, ఉక్కుకి నీళ్లు కావాలి. పాలకి అక్కర్లేదా?

గేదె పాలల్లో 80 శాతానికి పైగా నీళ్లే. పాలిచ్చే గేదె లీటరు పాలకు మూడు నాలుగు లీటర్ల చొప్పున, ఒంటికి కావలసింది అదనంగా తాగుతుంది. ఎండాకాలం ఇంకా ఎక్కువ. పాలవాడు నీళ్లు కలిపాడని గుమ్మంలో తగువు పడతాం, గేదె కలిపిన నీళ్లు ఎక్కడివని ఎప్పుడైనా అడిగామా? భయపడకండి, జలగ పాలల్లోకి రాదు. వచ్చేది నష్టం. ఇచ్చే పాలు తగ్గుతాయి, వెన్న తగ్గుతుంది, ఎద ఆలస్యమవుతుంది, చూడి నిలవదు. గేదె కింద పడి చచ్చిపోతే ఊరంతా చూస్తుంది. రోజుకో అర లీటరు చొప్పున ఏడాది పొడుగునా తగ్గితే ఎవరికీ కనపడదు. మొదట చూసేది మాంసం కొట్టువాడు. కార్జం కోస్తే గొట్టాలు తెల్లగా గట్టిపడి లేచి ఉంటాయి. అతను ఆ ముక్క పక్కన పారేస్తాడు, ఎవరికీ చెప్పడు. అడిగినవాళ్లూ లేరు.

దూడల సంగతి వేరు. రెండు మూడు వారాల దూడకు పసుపుపచ్చని పారుడు పట్టుకుంటే, అన్నీ ఏలికపాములే అనుకోకండి. ఏలికపాములు గేదెదూడకు తల్లి పాలతో వస్తాయి, మందుకు లొంగుతాయి. క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ జీవి నీళ్లలో వస్తుంది, మురికి గిన్నెలో వస్తుంది, పాలు పట్టే చేతితో వస్తుంది. మిల్లీమీటరులో రెండు వందలో వంతు ఉంటుంది. బ్లీచింగు పౌడరు దాన్ని ఏమీ చెయ్యలేదు. 1993లో అమెరికాలో మిల్వాకీ నగరపు కుళాయి నీళ్లలో ఇది చేరి 4 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారని అంచనా. మొదట అందరూ పైనున్న పశువుల పేడ మీదికి తోశారు. తర్వాత జన్యు పరీక్షలు చేస్తే అది మనిషినుంచి మనిషికి వచ్చే రకమని తేలింది. అనుమానం తేలిగ్గా పశువు మీదికి పోతుంది. మన గెడ్డలో మాత్రం రెండు వైపులా రాకపోకలున్నాయి. ఇళ్ల మురుగు గేదె తాగుతోంది, గేదె పేడ గెడ్డలో కలుస్తోంది.

ఇక్కడ నారికురుపు గుర్తు చేస్తాను. సభలో అరవై దాటినవాళ్లు ఆ మాట వినే ఉంటారు. తాగునీటిలోని చిన్న పురుగుతో కడుపులోకి పోయి, ఏడాదికి కాలిలోంచి దారంలా బయటికొచ్చే పాము. మన రాష్ట్రం కూడా అప్పట్లో ఆ రోగమున్న రాష్ట్రాల్లో ఒకటిగా ఉండేది. దానికి మందు లేదు, టీకా లేదు. మెట్లబావుల్లో మనుషులు దిగకుండా చేశారు, నీళ్లు గుడ్డలో వడగట్టుకు తాగమని ఇంటింటికీ చెప్పారు, చేతిపంపులు వేశారు. దేశంలో చివరి కేసు 1996 జూలైలో. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో ఆ రోగం పోయిందని ధ్రువపత్రం ఇచ్చింది. మందు ఉండి ఉంటే ఇంకా మందు మింగుతూనే ఉండేవాళ్లమేమో అని డాక్టరుగారు అంటుండేవారు. కొంచెం ఎక్కువ చేసి అన్నమాటే, కానీ పూర్తిగా కొట్టెయ్యలేం. చైనాలో పోయాంగ్ సరస్సు ఒడ్డున, నత్తల ద్వారా మనుషులకూ పశువులకూ పట్టే రక్తనాళాల జలగ రోగానికి ఏళ్లతరబడి మందు ఇస్తూ వచ్చారు. తర్వాత నత్తలున్న గడ్డిమైదానాల్లోకి పశువుల్ని రానివ్వకుండా ఆపి, దున్నడానికి ట్రాక్టర్లిచ్చి, మంచినీళ్లూ మరుగుదొడ్లూ ఏర్పాటు చేశారు. కొద్ది ఏళ్లలో ఆ ఊళ్లలో మనుషుల్లో రోగం ఒక శాతం లోపుకు పడిపోయింది. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

మనం ట్రాక్టర్లు పంచలేం. తొట్టి కట్టుకోగలం. ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. చాలాచోట్ల తొట్టి కడతారు, చుట్టూ నేల వదిలేస్తారు. కుళాయి కారుతుంది, పశువు తల విదిల్చినప్పుడల్లా నీళ్లు ఒలుకుతాయి, వారం తిరక్కుండా తొట్టి చుట్టూ బురద, బురదలో గడ్డి, గడ్డిలో నత్త. చెరువుని తెచ్చి సాల ముందు పెట్టుకున్నట్టే. చుట్టూ నాలుగడుగుల సిమెంటు గచ్చు, ఒలికిన నీళ్లు పోవడానికి వాలు ఉండాలి. లోపల పదిహేను రోజులకోసారి తోమి సున్నం కొట్టాలి. పాచి లేని గోడ మీద నత్తకు తిండి లేదు. దూడలకు విడిగా చిన్న గోలెం పెట్టండి. కుడితి తొట్టి, నీళ్ల తొట్టి ఒకటి కాకూడదు. చెరువులో నత్తల్ని చంపడానికి మైలతుత్తం చల్లమని పాత పుస్తకాల్లో ఉంటుంది. చల్లకండి. చేపలు పోతాయి, గొర్రెలకు రాగి విషం. బాతుల్ని వదిలితే అవి చేసే పని మేలు.

(ఇక్కడ సభలోంచి ఒక పెద్దావిడ లేచి, "మా బోరు నీళ్లు ఉప్పగుంటాయి బాబూ, గేదెకి పెట్టొచ్చా?" అని అడిగారు.)

పెట్టొచ్చమ్మా. సముద్రం దగ్గర బోర్లు అలాగే ఉంటాయి. గేదె మనకన్నా ఉప్పు తట్టుకుంటుంది. కొత్తలో నాలుగు రోజులు పలచగా పారినా సర్దుకుంటుంది. మరీ సముద్రపు నీళ్లలా ఉంటే పరీక్ష చేయించండి. కాస్త ఉప్పున్న బోరు నీళ్లు, తియ్యటి మురుగు గెడ్డ, రెండిటిలో ఏదంటే నేను కళ్లు మూసుకుని బోరే అంటాను.

మన తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి వాననీటి తొట్లు చేసుకున్నారు. రెండువేల ఏళ్ల నాటివి, ఇప్పటికీ ఉన్నాయి. ఈ చుట్టుపక్కల తాగే నీటికి చోటు విడిగా ఉండాలన్నది కొత్త ఆలోచన కాదు. నగరపాలక సంస్థలో పశువుల తొట్టికి పద్దు లేదంటున్నారు. పార్కుల్లో ఫౌంటెన్లకు పద్దు ఉంది. వార్డు సభలో ఈ మాట ఎత్తండి, నలుగురు కలిసి ఎత్తండి. పశువులు నగరంలో ఉన్నాయని ముందు ఒప్పించాలి.

చివరగా ఒక పని. వానలు వెనకపట్టిన తర్వాత, నవంబరు డిసెంబరుల్లో ఒకసారి, మళ్లీ వేసవి మొదట్లో ఒకసారి, మీ గేదె పేడ పరీక్షకు ఇవ్వండి. అప్పుడే వేసిన పేడ, నేలకు తగలని పై భాగం, బొటనవేలంత చాలు. శుభ్రమైన సీసాలో వేసి అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్నది వాళ్లు చెబుతారు. చూడి గేదె అయితే ఆ మాట ముందే చెప్పండి, తొలి నెలల్లో కొన్ని మందులు పనికిరావు. పాలు ఎన్ని రోజులు పొయ్యకూడదో సీసా మీద ఉంటుంది, చదివించుకోండి. సీసాకి కాగితం అంటించి దాని మీద మీ పేరుతోపాటు, వాళ్లు అడగకపోయినా, గేదె ఎక్కడ నీళ్లు తాగుతోందో రాసి ఇవ్వండి.